రాట్నం దగ్గర నీ పీట

సత్యవతీ,

నువ్వు పోయి నేటికి రెండేళ్ళు. పొద్దున్నుంచి ఏ పనీ కుదురుగా చెయ్యలేకపోయేను. మన అమ్మాయికి అమలాపురంలో డిగ్రీ సీటు వచ్చింది. హాస్టల్ కాయితం మీద నా సంతకం కావాలి. అమ్మాయి వెళ్ళిపోతే తాడు పేనే రాట్నం తిప్పేవాళ్ళుండరు. ఒక్కణ్ణీ కొబ్బరిపీచు అందిస్తూ వెనక్కి నడిస్తే తాడు రాదు కదా. పక్కింటి నూకాలమ్మ వదిన వస్తానంటూనే ఉంది. నీ పీట మీద ఇంకొకరు కూచోవడం ఇష్టంలేక నేనే వద్దంటూ వచ్చేను.

అమ్మాయి ఆ సంతకం మాటెత్తకుండా, తాడు కట్టలకి చుట్టే పాలిథిన్ కవరు తెచ్చి చూపించింది.

"ఇదీ తాడులాంటిదే నాన్నా. ఇథిలీన్ అణువులో రెండు కార్బన్లు రెండు చేతులా పట్టుకుని ఉంటాయి. ఒక చెయ్యి విడిపిస్తే అది పక్క అణువుని అందుకుంటుంది. ఆ పక్కదీ అంతే. అలా వేలకొద్దీ కలిస్తే పెద్ద గొలుసు."

"కలిసేటప్పుడు ఇందులో పొట్టు ఎంత పోద్ది?" అన్నాను.

"కొబ్బరిపీచనుకున్నావా? ఏదీ రాలదు."

"చెయ్యి వదిలేస్తే ఆ మొదటి రెండూ విడిపోవా?"

"రెండో చెయ్యి పట్టుకునే ఉంటాయి కదా!" అని నవ్వింది. నాకేమీ తెలీదన్నట్టు, అచ్చం నీలాగే.

నాలుగుసార్లు వీధిలోకి వెళ్ళొచ్చి సంతకం పెట్టేను. తరవాత దడి దగ్గర నిలబడి పిలిచేను.

"వదినగారూ, సోమవారం నుంచి రాట్నానికి వస్తారా?"

"ఆయ్, వస్తానండీ. రెండేళ్ళకి తమరికి నోరొచ్చింది."

నీ పీట కడిగి ఎండలో పెట్టేను. ఆరేలోగా మూడుసార్లు వెళ్ళి చూసొచ్చేను.