చర్చి మెట్ల మీది చెప్పులు

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కువైట్‌లో నేను పనిచేసే సాల్మియా ఫోటో స్టూడియోకి నువ్వు పనిచేసిన ఇంటి యజమానురాలు, నువ్వు 'మామా' అని పిలిచే ఆవిడ, వచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. పిల్లల్ని చూసుకోవడానికి నిన్ను వెంట తీసుకెళ్లిన ఆ స్కాట్లాండ్ ఊళ్లో తను తీసిన పాత చర్చిల ఫోటోలు పెద్దవి చేయించాలట.

"మెట్ల మీద ఆ చెప్పులేంటి? తీసేయి" అంది.

నీలి హవాయి చెప్పులు, కుడిదానికి పిన్నీసు. ప్రతి చర్చి ముందూ అవే.

"ఈడ ఎవురూ ఇప్పరు పాపా. దేవునింట్లోకి చెప్పులతో ఎట్ల పోతాం?" అన్నావు అప్పుడు ఫోన్లో.

అవి నీవే. నువ్వు చదివించబట్టి వచ్చిన పనే ఇది. కంప్యూటర్లో చెప్పులు చెరిపి మామాకి ఇచ్చాను.

ఆ ప్రయాణంలో నీ ఫోటో ఒక్కటీ లేదు. అందుకే చెరపనివి నాకోసం దాచుకున్నాను. వాటిలో నువ్వింకా లోపలే ఉన్నావు.