మిషన్‌కు బొట్టు

నాయినా,

గౌడవెల్లిలో మన విస్తరాకుల షెడ్డు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. చేత్తో కుట్టినవి వద్దు, మిషన్‌లో ఒత్తిన ప్లేట్లే కావాలంటున్నారు ఫంక్షన్ హాళ్లవాళ్లు. మిషన్ కొనకపోతే షెడ్డు మూయాలి. కొంటే, నువ్వు పిలిచి పని ఇచ్చిన అవ్వలను మాన్పించాలి.

నిన్న కొన్నాను.

ఇక పనికి రావద్దని చెబుదామని పొద్దున వెళ్లేసరికి అవ్వలంతా మిషన్‌ను తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి ఉన్నారు. ఎల్లవ్వ నా చేతిలో కొబ్బరికాయ పెట్టింది.

"మీ నాయిన ఉంటే మస్తు సంబురపడేటోడు బిడ్డా. ఇగ మా నడుములకు ఆసరైంది. గిది ఎట్ల నడపాల్నో మాకు సూపియ్యి."

కాయ కొట్టాను. ఆ మిషన్‌కు ఒక్క మనిషి చాలు నాయినా.

నేర్చుకోవాలి కదా, రేపు ఇంకా జల్దీ వస్తామని చెప్పి వెళ్లారు.