గుంతకల్లులో కొళాయి

నాయనా,

చలికాలంలో ఢిల్లీ అవతలి కొండల్లో అమ్మకు మంచు చూపించాలని నువ్వు తీసిపెట్టిన ఢిల్లీ టికెట్లతోనే ఇవాళ మేమిద్దరం రైలెక్కాం. నువ్వు చనిపోయాక కూడా నీ బెర్తు రద్దు చేయనివ్వలేదు అమ్మ. దాని మీద నీ దుప్పటి పరిచింది.

గుంతకల్లులో బండి ఆగగానే టీసీ వచ్చాడు.

"ఈ బెర్తాయన యాడమ్మా?"

"నీళ్లకు దిగినాడప్పా, వస్తాడు," అంది అమ్మ.

కొళాయి కనబడితే చాలు, ఏ స్టేషన్లోనైనా సీసాలన్నీ పట్టుకుని దిగేవాడివి. బోర్లెండిన ఊళ్లో పుట్టిన అలవాటు. టీసీతో పాటు నేనూ వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాను.

బండి కదిలింది. టీసీ మళ్లీ అమ్మ వైపు తిరిగాడు. అమ్మ నీ దుప్పటి మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"బండి కదిలె గదప్పా. ఇంగ రాడు."