ఫ్రెంచి బంగళాకు అడ్వాన్సు ఇవ్వవద్దు

తమ్ముడు మునిప్రసాదును అక్క భువనేశ్వరి దీవించి రాయునది. చిత్తూరులో మేమంతా బాగున్నాము.

ఫోనులో చెబితే నవ్వుతావని కార్డు రాస్తున్నాను. మరమగ్గాలు పెట్టడానికి మనిద్దరం కలిసి కొందామన్న ఫ్రెంచి దొర బంగళా నిన్న మధ్యాహ్నం చూశాను. మిద్దె కురుస్తోంది, రెండు దూలాలు మార్చాలి, గోడలు గట్టివే. చెప్పులు వాకిట్లో విడిచి, కాపలా ఉండే కుప్పమ్మ వెంట మేడెక్కాను. ఇంట్లో మేమిద్దరమే. పడకగదిలో పాత మంచం పక్కన నా చెప్పులు జతగా పెట్టి ఉన్నాయి.

"దొరసాని తెచ్చిపెట్టుంటాది లేమ్మా," అంది కుప్పమ్మ. "ఇల్లు చూసేదానికి శానామంది వచ్చినారు. ఎవురి చెప్పులూ ముట్టలేదు. నువ్వు నచ్చినట్టుండావు."

ఆ దొరసాని పోయి ఎనభై ఏళ్లయిందట. వట్టికాళ్లతో వచ్చేశాను.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నూలు వచ్చిందా? మరదలికి, పిల్లలకు ఆశీస్సులు. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే, పత్రాలలో నా పేరు మాత్రం రాయించకు.