లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగినప్పుడు మా అత్తగారు ఇచ్చిన జవాబు గురించి

గౌరవనీయులైన అగ్నిమాపక కేంద్రం అధికారి గారి సముఖమునకు,

బేకరీ వెనక మేడలో మూడో అంతస్తున కాపురముంటూ, తలుపులు కిటికీలు బిగించే పనితో జీవనం సాగించుచున్న గృహస్థు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పొగ కమ్మిన ఇంట్లో మనుషులున్నారని తప్పుడు సమాచారం ఇచ్చినందుకు సంజాయిషీ కోరుతూ తమరు పంపిన నోటీసును రద్దు చేయవలసిందిగానూ, ఇకమీదట ఎవరికీ ఇటువంటి నోటీసు పంపే శ్రమ తమకు కలగకుండా ఒక చిన్న ఏర్పాటు చేయవలసిందిగానూ కోరుట గురించి.

తమ నోటీసు అందినది. ఇంటిల్లిపాదీ కూర్చుని చదివినాము. "సంజాయిషీ" అన్న మాట దగ్గర నా భార్య నా వైపు చూసినది. నేను మా అత్తగారి వైపు చూసినాను. మా అత్తగారు పిల్లి వైపు చూసినారు. పిల్లి చదువుకోలేదు గనుక ఆ పని నా మీద పడినది. జరిగినది జరిగినట్టు ఈ దిగువన మనవి చేసుకుంటున్నాను.

1. మా ఇంట్లో మనుషులు ముగ్గురు. నేను, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే నా భార్య, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసి రిటైరైన మా అత్తగారు. వీరుగాక ఒక తాబేలు, ఒక పిల్లి, రెండు లవ్‌బర్డ్స్ మాతో నివసించుచున్నవి. తాబేలు మేము తెచ్చుకున్నది కాదు. ఇల్లు కొన్నప్పుడు బాల్కనీలో బకెట్ వెనక కనబడితే, పాత యజమాని "అది ఇంటితోపాటే వస్తుంది" అన్నాడు. దాని వయసు ఎవరికీ తెలియనందున మా అత్తగారు మర్యాదగా "పెద్దాయన" అని పిలుస్తారు. పిల్లిని "కోడలు" అంటారు. ఆమెకు మగపిల్లలు లేరు. కోడలి మీద పెత్తనం చేయాలన్న ముచ్చట ఆ విధంగా తీర్చుకోబోయినారు గానీ, ఇంట్లో పెత్తనం పిల్లిదే. పక్షులను "ఆలుమగలు" అంటారు. ఈ పిలుపులు నోటీసు వచ్చిన తరువాత కల్పించినవి కావని మేడలో ఎవరిని విచారించినా తెలియగలదు.

2. సంఘటన జరిగిన మధ్యాహ్నం, మా కింది ఇంట్లో ఉండే ఫోటోగ్రాఫరు పొయ్యి మీద నాన్‌స్టిక్ పెనం పెట్టి, ఫోను రాగా, మాట సరిగా వినబడడం లేదని డాబా మీదికి వెళ్లి, పెనం సంగతి మరిచిపోయినాడు. ఖాళీ పెనం మాడి, పక్కనున్న ప్లాస్టిక్ బుట్ట అంటుకుని, ఆ పొగ మా వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చినది. అప్పుడు ఇంట్లో అత్తగారు ఒక్కరే ఉన్నారు. వాచ్‌మన్ తలుపు బాది, ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపినాడు.

"పక్షులయ్యా, పక్షులు" అని ఆమె అంటుంటే, "ముందు మీరు పదండమ్మా. అవి ఎగరగలవు, మీరు ఎగరలేరు" అన్నాడట.

పంజరంలో ఉన్నవి ఎగిరి ఎక్కడికి పోతాయని ఆమె అడిగేసరికి ఇద్దరూ రోడ్డు మీద ఉన్నారు. మళ్లీ పైకి పోనివ్వలేదు. వాచ్‌మన్ చేసింది సబబేనని నేను ఒప్పుకుంటాను. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

3. నేను పక్క వీధిలో ఒక ఇంటి కిటికీకి కొలత తీస్తుండగా కబురు అందినది. టేపు చేతిలో ఉండగానే పరుగెత్తినాను. నేను చేరేసరికి తమ బండి వచ్చి ఉన్నది. తమ ఉద్యోగి ఒకరు, లేత మీసాల అబ్బాయి, మా అత్తగారి ముందు వంగి అడుగుతున్నాడు. ఆ సంభాషణ మక్కీకి మక్కీ పొందుపరుస్తున్నాను.

"లోపల ఎవరైనా ఉన్నారామ్మా?"

"ఉన్నారు నాయనా. పెద్దాయన ఉన్నాడు. నడుస్తాడు గానీ బాగా నిదానం. మెట్లు దిగలేడు."

"ఇంకా?"

"మా కోడలు. నెలలు నిండాయి. ఇవాళో రేపో అన్నట్టుంది."

ఆ అబ్బాయి ముఖం మారిపోయినది. "ఇంకెవరన్నా?"

"ఆలుమగలు ఇద్దరు, వంటింటి పక్క గదిలో. వాళ్లకి ఊపిరి అసలే చిన్నది, పొగ పడదు. ముందు వాళ్లని తీసుకురా నాయనా."

ఇందులో అబద్ధం ఏ వాక్యంలో ఉన్నదో తమరే పరిశీలించవలెను. నేను వెతికినాను, దొరకలేదు.

4. "పక్కనే ఉండి మీరు ఎందుకు సరిదిద్దలేదు" అని నోటీసులో అడిగినారు. పరుగెత్తి వచ్చినందున నాకు నోట మాట రాలేదు. వచ్చేలోపు మా అత్తగారు నా కాలు తొక్కినారు. అది పొరపాటున జరిగి ఉండవచ్చును, అక్కడ జనం ఎక్కువగా ఉన్నారు. అదీగాక, పెళ్లయిన నాటి నుంచి ఆమె మాట్లాడుతుండగా నేను మధ్యలో మాట్లాడి ఎరగను. మొదటిసారి ప్రయత్నించడానికి అది తగిన సమయంగా తోచలేదు.

5. అంతట తమ వాళ్లు ముగ్గురు మాస్కులు తగిలించుకుని, స్ట్రెచర్ పట్టుకుని పైకి పోయినారు. తమరు బండి పక్కన వాకీటాకీతో నిలబడినారు. నేను దగ్గరలోనే ఉన్నందున అంతా వినబడినది.

"సార్, మంచాల మీద ఎవరూ లేరు. బాత్రూంలో కూడా లేరు."

"మంచం కింద చూడండి. భయపడి దూరి ఉంటాడు."

కాసేపు గరగర. "తాతా, తాతా" అని ఆ అబ్బాయి పిలుస్తున్నాడు. తరువాత, "సార్, పెద్దాయన దొరికాడు."

"ఊపిరి ఆడుతోందా?"

"తెలీడం లేదు సార్. తల లోపలికి లాక్కున్నాడు."

తమరు వాకీటాకీని చెవి దగ్గర్నుంచి తీసి, దాన్నొకసారి చూసి, మళ్లీ పెట్టుకున్నారు. "ఏం చేశాడు?"

"తల లోపలికి... సార్, ఈయన తాబేలు సార్."

అప్పుడు తమరు మా అత్తగారి వైపు చూసిన చూపు నాకు ఇంకా జ్ఞాపకమున్నది. ఆమె ఆకాశం వైపు చూస్తున్నారు.

అయ్యా, ఆ క్షణాన తమరు "దిగి వచ్చెయ్యండి" అని ఒక్క మాట అంటే వాళ్లు దిగి వచ్చేవారు. తమరు ఆ మాట అనలేదు. కింది ఇంట్లో ఉన్న వాళ్లను పిలిచి మంట ఆరిందా అని అడిగినారు. ఆరిందని రూఢి చేసుకున్నాక, "సరే, మిగతావాళ్లని కూడా తీసుకురండి" అన్నారు. "వాటిని" అనలేదు, "వాళ్లని" అన్నారు. ఆ మాట అన్నవారూ ఈ నోటీసు పంపినవారూ ఒకరేనంటే నాకు నమ్మకం కుదరక, ధైర్యం చేసి ఈ అర్జీ పెట్టుకుంటున్నాను.

6. ఈ అంశం చెప్పుకోవడం నా వృత్తికి తలవంపులు. అయినా దాచను. పక్షుల పంజరం నేనే అల్యూమినియం చట్రంతో, ఆ గదిలోనే కూర్చుని తయారు చేసినాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. అది ఆ గది తలుపులోంచి బయటికి రాదు. ఊరందరి తలుపులూ కొలిచి బతికేవాడిని, మా ఇంటి తలుపు కొలవలేదు. తమ వాళ్లు నిలువుగా తిప్పినారట, అడ్డంగా తిప్పినారట, ఐమూలగా కూడా ప్రయత్నించినారట. "దీన్ని ఎవడు చేశాడు?" అని ఒకరు అడగడం వాకీటాకీలో విన్నాను. తమరు నన్ను చూపించలేదు, అందుకు కృతజ్ఞుడను.

చివరకు ఆ లేత మీసాల అబ్బాయి గ్లవ్స్ తీసేసి, గింజలు వేసే చిన్న తలుపులోంచి చెయ్యి పోనిచ్చి ఆలుమగలను పట్టుకున్నాడు. ఆడపక్షి అతని వేలు గట్టిగా కొరికినది. మగపక్షి కొరకలేదు. కొరకకపోయేసరికే తనకు భయం వేసిందని తరువాత చెప్పినాడు. రెంటినీ దిండు గలేబులో వేసి, రెండు చేతులా గుండెకు ఆనించుకుని దిగుతూ, మెట్ల పక్క కమ్మీ పట్టుకునేందుకు చెయ్యి ఖాళీ లేక, కింది మెట్ల దగ్గర జారిపడి మోకాలు కొట్టుకున్నాడు. గలేబును మాత్రం నేలకు తగలనివ్వలేదు.

7. గలేబు విప్పితే మగపక్షి కదలలేదు. కళ్లు మూసుకుని ఒక పక్కకి వాలిపోయి ఉన్నది. దాన్ని నా అరచేతిలో పెట్టినారు. అయ్యా, నేను రోజూ పెద్ద పెద్ద గాజు పలకలు మోసేవాడిని. చేతులు వణికితే మా పనిలో పనికిరాము. గుప్పెడు స్క్రూల బరువు కూడా లేని ఆ పిట్టను పట్టుకోవడానికి నా చేతులు చాలలేదు. ఆడపక్షి గలేబు అంచున కూర్చుని అదే పనిగా ఒకటే కూత పెడుతున్నది. పొద్దున్నే అతన్ని లేపే కూత అది. మా అత్తగారు రెండు చేతులూ జోడించి నిలబడినారు. ఆమె ఎవరికైనా చేతులు జోడించడం నేను అంతవరకు చూసి ఎరగను. ఇంకోసారి చూడాలని లేదు.

"ఇటివ్వండి" అని ఆ అబ్బాయి రోడ్డు మీదే చతికిలబడి, ఆక్సిజన్ తెప్పించుకుని, పక్షి మీద మాస్కు బోర్లించినాడు. "పెద్దవాళ్లకి పెట్టేది సార్ ఇది. కాస్త వదులవుతోంది" అన్నాడు తమతో.

తమరు టోపీ తీసి పక్కన పెట్టి, వంగి, మాస్కు అంచుల్లో గాలి పోకుండా వేళ్లు అడ్డం పెట్టినారు. జనం చుట్టూ చేరినారు. డాబా మీంచి దిగి వచ్చిన ఫోటోగ్రాఫరు కూడా వచ్చి, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా వెనక నిలబడినాడు. కొంతసేపటికి పక్షి ఒక కన్ను తెరిచి చూసి, దగ్గరలో ఉన్న వేలు కొరికినది. ఆ వేలు తమది. తమరు "అబ్బ" అన్నారు. నొప్పి పుట్టి అంత సంతోషించిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

పశువుల డాక్టరమ్మ గారు తరువాత చెప్పినారు. అటువంటి పెనం మాడితే వచ్చే ఆవిరి మనిషికి కాస్త దగ్గు తెప్పిస్తుందట, పక్షులను మాత్రం చూస్తుండగానే చంపేస్తుందట. "ఇంకాస్త ఆలస్యమైతే నా దాకా తేవాల్సిన పని ఉండేది కాదు" అన్నారు.

8. నోటీసులో రెండో అభియోగం, ప్రభుత్వ వాహనమును అన్య ప్రయోజనమునకు వాడుట. కోడలు తన కోసం వచ్చిన స్ట్రెచర్ మీద దర్జాగా దిగి, తమ బండిలో నీళ్ల పైపు చుట్ట మధ్యకు దూరి, అక్కడ ముగ్గురిని కన్నది. ఈ విషయమున నేను ఏ విధముగానూ బాధ్యుడను కాను.

9. ఆ సాయంత్రం నా భార్య ఇంటికి వచ్చి సంగతంతా విని తల్లిని నిలదీసినది.

"ఎవరైనా అడిగితే పిల్లి అని చెప్పాలి కదమ్మా."

"పిల్లి ఉందా అని అతను అడగలేదే. ఎవరైనా ఉన్నారా అన్నాడు."

"ఆయన అడిగింది మనుషుల గురించి."

"ఆ మాట కూడా అనలేదు" అని మా అత్తగారు టీవీ పెట్టుకున్నారు. నా భార్య నా వైపు తిరిగి, "మీరైనా నోరు విప్పొచ్చుగా" అన్నది. నాలుగో అంశములో తమకు విన్నవించిన కారణాలే ఆమెకూ విన్నవించినాను. ఆమె అంగీకరించలేదు. తమరైనా అంగీకరింతురని ఆశ.

10. మా వైపు నుంచి చేయవలసినవి చేసుకున్నాము. పంజరం కోసి, తలుపు కొలిచి, మళ్లీ బిగించినాను. దాన్ని వంటింటికి దూరంగా ముందు గదిలో పెట్టినాము. నాన్‌స్టిక్ పెనాలు తీసేసినాము, ఫోటోగ్రాఫరు తనది తానే తీసేసినాడు. గుమ్మం పక్కన చేతిలో పట్టుకుపోయే చిన్న పంజరం, దాని మీద కప్పే గుడ్డ, పిల్లికీ పిల్లలకీ జిప్పు సంచి, పెద్దాయనకు మూత బుట్ట ఉన్నవి. ఇంట్లో ఎవరెవరున్నారో, వారిలో ఎవరు ఏ జాతివారో విడమరిచి తలుపు మీద అంటించినాము. ఎవరు ఎవరిని ఎత్తుకోవాలో తేల్చుకుని మొన్న ఒకసారి అభ్యాసం కూడా చేసినాము. అందరమూ చకచకా దిగినాము. ఒక్కరూ తప్పిపోలేదు. కిందికి వచ్చాక, "స్టవ్ కట్టేశారా?" అని నా భార్య అడిగినది. ఎవరూ కట్టలేదు. అభ్యాసం మరొకసారి చేయవలసి ఉన్నది.

కావున అయ్యా, పై పరిస్థితులను దయతో పరిశీలించి నోటీసును రద్దు చేయవలసిందిగా ప్రార్థన. మనుషుల ప్రాణం మీదికి తెచ్చి పిట్టను కాపాడమని నేను అడగను. ఆ అబ్బాయి మోకాలు చూసిన తరువాత అసలే అడగను. మనుషులందరూ దిగి, మంట అదుపులోకి వచ్చాక, "పక్షులూ జంతువులూ ఏమైనా ఉన్నాయా" అని ఇంకొక్క ప్రశ్న అడిగే ఏర్పాటు చేయించండి. ఆ ప్రశ్న తమవాళ్లు అడుగుతారని ముందే తెలిస్తే, ఏ ఇంటివాళ్లూ అడ్డుకున్నవాళ్లను నెట్టుకుని మళ్లీ లోపలికి పరుగెత్తరు, ఏ అత్తగారూ బంధుత్వాలు చెప్పరు. బండిలో పక్షులకు సరిపడే చిన్న మాస్కు ఒకటి ఉంచుకుంటామంటే నేను చేసి ఇస్తాను. ఈసారి ముందుగానే కొలత తీసుకుంటాను.

ఈ అర్జీని తీరిక ఉన్నప్పుడు, కోపం లేనప్పుడు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
మూడో అంతస్తు తలుపులవాడు

తా.క.: మా అల్లుడు కవరు కొనుక్కు రావడానికి వెళ్లాడు. ఈ ముక్క నేను రాస్తున్నాను నాయనా. ఆయన నన్ను వెనకేసుకొచ్చి రాశాడు, మంచివాడు. కానీ నేను తెలిసే అలా చెప్పాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఫోనులో జనం గొంతులు విన్నదాన్ని, ఏ మాటకి మనిషి లేచి పరుగెడతాడో, ఏ మాటకి "చూద్దాంలెండి" అంటాడో నాకు తెలుసు. పిట్టలు అంటే చూద్దాంలెండి అంటారని భయమేసింది. ఆ అబ్బాయి మోకాలు పట్టుకుని కూలబడినప్పుడు మాత్రం, ఎవరి బిడ్డని ఎవరికోసం పంపానా అనిపించింది. మొన్న వాళ్లింటికి వెళ్లి వాళ్లమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చెడామడా తిట్టింది. తిట్టడం అయిపోయాక టీ ఇచ్చింది. ఆ అబ్బాయి నడుస్తున్నాడు, పిల్లిపిల్లని ఒకదాన్ని పెంచుకుంటానన్నాడు.

నోటీసు మా అల్లుడి పేరున వచ్చింది. ఆయన చేసిందల్లా నోరు మూసుకోవడం, అది నేను నేర్పిందే. దాన్ని కొట్టేసి నా పేరు మీద రాసి పంపండి. నేనే ఆఫీసుకి వచ్చి, మీ ఎదుట కూర్చుని సంజాయిషీ చెప్పుకుంటాను. పైన ఉన్నది తాబేలని తెలిశాక కూడా మీరు వాళ్లని దిగి రమ్మని ఎందుకు అనలేదో, అది మీరు నాకు చెబుదురుగాని.