నీ గురక సంగతి

పెనుకొండ,
శనివారం.

చిరంజీవి నాగరాజుకు నీ అమ్మ పెద్దక్క దీవించి రాయించేది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టింది నీ కూతురు పవిత్ర. కొట్టెయ్యమన్నాను. గొర్రెలు క్షేమం. నీ పెళ్ళాం ఉమాదేవి వేలికి కట్టుతో ఉంది, పవిత్రకు అన్నం సహించడం లేదు, నేను కోపంగా ఉన్నాను. నువ్వు ధర్మవరంలో నీ బావమరిది రాఘవేంద్ర ఇంట్లో క్షేమంగా ఉన్నానని రాశావు. నేను నమ్మను.

ఫోను ఆపేసుకుని కూర్చున్నావు కాబట్టి ఈ జాబు. నేను చెప్పేది పవిత్ర పుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తోంది. తిట్లు మాత్రం దిద్దొద్దని మాట తీసుకున్నాను.

రాఘవేంద్ర చేత నువ్వు పంపిన జాబు నిన్న అందింది. పవిత్ర చదువుతుంటే విన్నాను. సగంలోనే ఉమాదేవి లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను.

నా మోకాళ్ళు ఎట్లున్నాయని అడిగావు. నొస్తున్నాయి. చెనక్కాయ పీకారా అని అడిగావు. పీకాం, కూలోళ్ళు దొరక్క నేనూ ఉమాదేవే పీకాం. సోమవారం నుంచి బెంగళూరుకు లారీ తోలబోతున్నాను, ఆశీర్వదించమని రాశావు. ఆశీర్వదించను. ఆ లారీ నువ్వు ఎక్కకూడదు. ఎందుకో చెప్తాను, చింపేయకుండా చదువు.

నువ్వు నిద్రలో ఉంటావు కాబట్టి నీ గురక సంగతి నీకు తెలియదు. ఇన్నేళ్ళూ అది విని నేను పొంగిపోయాను. పక్కింటి ఉలిగప్ప ఆటపట్టిస్తే, "కష్టం చేసే మొగోడప్పా, పండుకుంటే ఈదంతా తెలియల్ల" అని గొప్పలు పోయాను. గురక అంటే హాయి అనుకున్నాను. మన వీధిలో అందరూ అంతే.

పవిత్రకు పరీక్షలు దగ్గరికొచ్చాయి. హిందూపురం నర్సింగు కాలేజీ నుంచి రాగానే నరాల జబ్బులు, నిద్ర జబ్బులు, మనసు జబ్బులు అని పెద్ద గొంతుతో చదువుకుంటుంది. నేను చెనక్కాయలు ఒలుస్తూ వింటాను. వినేకొద్దీ మన వీధంతా ఆ పుస్తకంలోనే ఉన్నట్టు అనిపించింది. ఫిట్సు వచ్చిన మనిషి చేతిలో ఇనుము పెట్టకూడదట, పక్కకు తిప్పి పడుకోబెట్టాలట. ఉలిగప్ప మనవడికి మనం పెట్టని ఇనుము ఉందా? సగం తలనొప్పితో వెలుతురు చూడలేక చీకటి గదిలో ముడుచుకునే నీ అక్క ఉంది. పడుకోగానే కాళ్ళు పీకి, లేచి తిరిగే నేనూ ఉన్నాను. "అవ్వా, ఊరందరికీ రోగాలు పంచొద్దు" అని పవిత్ర నవ్వింది. ఆ తర్వాతి పేజీలో తనే నవ్వు ఆపేసింది. పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగడం, ఉలిక్కిపడి పీల్చుకోవడం, లేస్తూనే తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు, అయినదానికీ కానిదానికీ కోపం, దేనిమీదా మనసు పోకపోవడం. నీ పేరొక్కటే లేదు అందులో.

ఆదివారం మధ్యాహ్నం మాంసం కూడు తిని నువ్వు పడసాలలో పడుకున్నప్పుడు, డాక్టరుకు వినిపించాలని ఫోనులో నీ గురక పట్టింది. నువ్వు లేచాక మెల్లగా చెప్పింది. నిద్రలో గొంతు దారి మూసుకుపోతుందేమో నాయనా, అనంతపురం ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకుంటే మిషను పెట్టి చూస్తారు, అదే అయితే ముక్కుకు గాలి అందించే మిషను ఇస్తారు, చాలామంది బాగుపడ్డారు, అయినా తేల్చాల్సింది డాక్టరే, నేను కాదు అంది. ఇంతకన్నా మర్యాదగా ఏ బిడ్డ చెప్తుంది? దానికి నీ జవాబు ఏమిటి? "నర్సు గాకముందే నాయనకు రోగం అంటగడతాండావా? ముక్కుకు గొట్టం పెట్టుకోని పండుకునేకి నేనేమన్నా సావుబతుకుల్లో ఉండానా?"

ఆ వారంలోనే నీ స్కూలు బస్సు చెనక్కాయ చేలోకి దిగింది. కుక్క అడ్డమొచ్చిందని అందరికీ చెప్పావు. ఏ కుక్కరా? ముందు సీట్లో కూర్చునే రేష్మ అనే చిన్నపిల్ల మన వాకిట్లో నిలబడి నాకు చెప్పింది: "అవ్వా, డ్రైవరు మామ తల కిందికేసుకోని నిద్రపోయినాడు. మేమంతా అరిస్తే లేసినాడు." వాళ్ళు అది ఆట అనుకున్నారు. ఆ చేను పక్కనే గోడ లేని బావి ఉంది. నీకూ తెలుసు.

ఉమాదేవి సంగతి కూడా విను. నీ ఊపిరి ఆగినప్పుడల్లా తట్టి లేపాలని ఆమె కన్ను మూయదు. గార్మెంట్సులో మిషను ముందర తూగింది, సూది వేలిలో దిగింది. పని మీద ధ్యాస లేదని ఆమెను కేకలేశావు. సిగ్గులేనోడా.

ఇంక చివరిది. స్కూల్లో నీ మీద ఎవరు చెప్పారని అడిగి, జవాబు కూడా నువ్వే రాసుకున్నావు. పవిత్రే చెప్పిందట, కన్నకూతురే కడుపు కొట్టిందట, చదువు మాన్పిస్తావట. ఆ ముక్క దగ్గర పిల్ల కాగితం కింద పెట్టేసింది. రాఘవేంద్ర అందుకుని చదివాడు.

చెప్పింది నేను.

పవిత్ర కలం ఆపి నా మొహం చూస్తోంది. నువ్వా అవ్వా అంటోంది. ముందు రాయవే, తర్వాత చూద్దువు.

నీ అక్కతో మాట్లాడాలని అబద్ధం చెప్పి, పవిత్ర ఫోను తీసుకుని నేరుగా స్కూలుకు పోయాను. ఆఫీసులో మంజులత అనే అమ్మాయి ఉంటే, దీంట్లో నా కొడుకు గురక ఉంది, సారు ముందర పెట్టమ్మా అన్నాను. స్కూలు ఓనరు నవ్వాడు. "గురకకు గూడా కంప్లయింటా పెద్దమ్మా? నేనూ పెడతా, మా ఇంట్లో ఎవరూ స్కూలుకు రాలేదే" అన్నాడు. నవ్వుతూనే వింటున్నాడు. ఉన్నట్టుండి గురక ఆగింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అతను ఎదురుచూశాడు. మంజులత ఎదురుచూసింది. ఎంతకీ రాలేదు.

"ఫోను ఆగిపాయనా?" అన్నాడు.

"ఆగింది నా కొడుకు ఊపిరి సార్" అన్నాను.

అప్పుడు వచ్చింది, నీళ్ళలో మునిగినోడు పైకి తేలినట్టు. అతను కూడా అప్పుడే గాలి పీల్చుకున్నాడు. ఆ ఆదివారం నేను నీ పక్కన కూర్చుని, నీ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి విన్నదే అది. నా చేతికి గాలి తగల్లేదు రా నాగా. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"పని పోతాది పెద్దమ్మా, తెలిసే వచ్చినావా?" అన్నాడు.

"తెలిసే వచ్చినా" అన్నాను.

అతను నిన్ను తీసెయ్యలేదు. డాక్టరు కాగితం తెస్తే బస్సు నాగరాజుదే అన్నాడు. నీతోనూ అదే అన్నాడట. నువ్వు సగం విని, బస్సు తాళం అక్కడ పడేసి పోయావు.

లారీ ఓనరుకు కూడా నిన్న రాఘవేంద్ర చేత ఫోను చేయించి నీ గురక వినిపించాను. లారీ ఇవ్వనన్నాడు. ఇంకో ఓనరును వెతుక్కుంటే ఆయనకూ వినిపిస్తాను. నాకు సిగ్గు లేదు, పనీ లేదు.

పవిత్ర చదువు ఆగదు. దాన్ని ఇంకొక్క మాట అన్నావంటే నా ఇంటి గడప తొక్కొద్దు.

ఈ జాబు రాఘవేంద్ర నీ చేతికిస్తాడు. అతనితోనే నేనూ వస్తున్నాను. నువ్వు ఇది చదివేటప్పటికి వాళ్ళ వాకిట్లో కూర్చుని ఉంటాను, లోపలికి రాను. సోమవారం అనంతపురం ఆసుపత్రిలో నిన్ను చూస్తామన్నారు. రాత్రి నీ పక్కన నేనే ఉంటాను. తిట్టేది ఉంటే బస్సులో తిడుదువు. చెప్పులు వేసుకుని బయటికి రా.

ఇట్లు,
వాకిట్లో ఉన్న నీ అమ్మ,
పెద్దక్క (వేలిముద్ర)