గడ్డిలో గుడ్లు

మండపేట,
బుధవారం

అమ్మకు నమస్కారాలు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

మొన్న ఫోనులో సగమే విని, అత్తయ్యగారు నా పుట్టగొడుగుల మీద కోపంతో పాలు పోశారనుకున్నావట. తమ్ముడు చెప్పాడు. అందుకే ఈ కార్డు. కోపంతో కాదమ్మా, భక్తితో పోశారు!

కొబ్బరిచెట్ల కింద వరిగడ్డి కట్టలు నానబెట్టి పేర్చి, మధ్యలో విత్తనం చల్లి, ప్లాస్టిక్ పట్టా కప్పాను కదా. గడ్డిలో పుట్టగొడుగులు వస్తాయంటే ఆవిడ నమ్మలేదు. సరిగ్గా నాగులచవితి పొద్దున్నే మొగ్గలు తేలాయి. అచ్చం చిన్న చిన్న గుడ్లలా ఉంటాయవి. ఆవిడ పట్టా ఎత్తి చూసి, పాముగుడ్లనుకుని, పసుపు జల్లి, చెంబుడు పాలు పోసి దణ్ణం పెట్టేశారు. నేను లబోదిబోమన్నాను. చవితినాడు కత్తి పట్టకూడదు కాబట్టి ఒకటి గోటితోనే చీల్చి చూపించాను. లోపల ముడుచుకున్న గొడుగు!

"పుట్ట లేకుండా పుట్టగొడుగేంటే?" అని నోరెళ్లబెట్టారు.

పాలు పడిన మూల కుళ్లింది గానీ మిగతాదంతా బాగుంది. మర్నాడు కూర వండితే మారు వేయించుకున్నారు.

నాన్న మోకాలినొప్పి తగ్గిందా? గుమ్మడి వడియాలు పెట్టావా? తమ్ముడు వచ్చేటప్పుడు నీ పాత నేతచీర ఒకటి పంపు, తడిపి గడ్డి మీద కప్పాలి.

నాన్నకు నా నమస్కారాలు చెప్పు. అత్తయ్యగారు పక్కనే కూర్చుని, తన మాటగా ఇది రాయమంటున్నారు: "పుట్ట లేకుండానే గొడుగులు మొలిపించింది వదినగారూ, మీ పిల్ల."

దుర్గాశ్రీ